మందుకు తోడుగా మిరియం

మిరియం కోసం సముద్రాలు దాటి నౌకలు వచ్చిన వృత్తాంతం చరిత్ర చదివిన ప్రతి విద్యార్థికీ తెలిసినదే. 1498లో వాస్కో డ గామాను కోళిక్కోడు తీరానికి రప్పించిన సరకులలో మిరియం ముఖ్యమైనది. మలబారు కొండవాలులలో చెట్లను అల్లుకొని పెరిగే ఆ తీగ కాయకు ఘాటునిచ్చే పదార్థాన్ని 1819లో డెన్మార్కు శాస్త్రవేత్త హాన్స్ క్రిస్టియన్ ఎర్‌స్టెడ్ వేరుచేశాడు. (విద్యుత్తు ప్రవహించే తీగ దగ్గర దిక్సూచి ముల్లు కదులుతుందని 1820లో కనుగొని భౌతికశాస్త్ర గ్రంథాలకెక్కినవాడూ ఆయనే.) ఆ పదార్థం పేరు పైపెరిన్. ఎండు మిరియంలో అది రమారమి నూటికి 5 నుండి 9 పాళ్ళ వరకు ఉంటుంది.

ఈ మలబారు గింజపై, దేశానికి మరొక కొసన ఉన్న జమ్మూ నగరంలో, 1980 దశకం తొలినాళ్ళ నుండి విలువైన పరిశోధనలు జరిగినవి. మందులకు లొంగని సూక్ష్మజీవుల మీద పాత మందులను తిరిగి పనిచేయించడానికి వృక్షజ పదార్థాలు తోడ్పడగలవా అన్నది అక్కడి ప్రయోగాలలో ఒకదాని విషయం. నోటితో తీసుకొన్న మందు రక్తంలోకి మరింత ఎక్కువగా చేరేట్లు చేయగలవా అన్నది మరొకటి. ఈ రెండు ప్రశ్నలూ వేరు. పత్రికా వార్తలలోనూ, ప్రకటనలలోనూ ఈ రెంటినీ కలిపివేసి “మిరియంతో మొండి రోగాలు మాయం” అనే ధోరణిలో వ్రాయడం తరచుగా కనిపిస్తున్నది. ఈ వ్యాసంలో వాటిని విడదీసి చూడడమే మన పని.

అలవాటు పడినది ఎవరు?

“ఆ మందు ఒంటికి అలవాటైపోయింది, ఇక పనిచేయదు” అనే మాట మన ఇళ్ళలో వినిపిస్తూనే ఉంటుంది. హిందీ ప్రాంతాలలోనూ సరిగా ఇదే భావం గల మాట వాడుకలో ఉన్నది. వైద్య విషయాలను ఒక భాషనుండి మరొక భాషలోకి తెచ్చేటప్పుడు ఈ మాట ఎంత అడ్డుపడుతుందో అనువాదకులకు అనుభవమే. తెలుగులో చిక్కు మరికొంత ఎక్కువ. వ్యాధిని ఎదిరించే మన శరీరబలాన్ని “రోగనిరోధక శక్తి” అంటున్నాము. మందును ఎదిరించే సూక్ష్మజీవి బలాన్ని కూడ “నిరోధకత” అనే అంటున్నాము. మొదటిది మనకు మిత్రమైతే రెండవది శత్రువు. యాంటీబయాటిక్ మందుల విషయంలో అలవాటు పడేది మన ఒళ్ళు కాదు. మార్పు చెందేది సూక్ష్మజీవుల సంతతి.

ఇది జరిగే తీరు సులభంగానే బోధపడుతుంది. కోట్లాది బాక్టీరియాలలో ఏ కొన్నిటికో జన్యువులలో యాదృచ్ఛికమైన మార్పు వల్ల మందును తట్టుకొనే లక్షణం అబ్బుతుంది. మందు తగిలినప్పుడు తక్కినవి నశించి అవి మాత్రమే మిగులుతవి. మిగిలినవే వృద్ధి చెందుతవి. పైగా అనేక బాక్టీరియాలు ఇట్టి జన్యువులను ఒకదానికొకటి అందించుకోగలవు. చాలీచాలని మోతాదులో మందు వాడితే ఈ ప్రమాదం ఏర్పడుతుందని పెనిసిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945లో నోబెల్ ఉపన్యాసంలోనే హెచ్చరించాడు. ఆ హెచ్చరికను లోకం ఎంతవరకు ఆలకించిందో తరువాతి లెక్కలు చెప్పుచున్నవి. 2019 సంవత్సరంలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12 లక్షల 70 వేల మరణాలకు ఔషధ నిరోధక బాక్టీరియా ప్రత్యక్ష కారణమని 2022లో వెలువడిన ఒక విస్తృత అధ్యయనం అంచనా వేసింది.

సూక్ష్మజీవులు మందును రోగి శరీరంలోనే కలుసుకొంటాయని అనుకోరాదు. హైదరాబాదుకు సమీపంలోని పటాన్‌చెరు వద్ద మందుల కర్మాగారాల వ్యర్థజలాన్ని శుద్ధిచేసి వదలే చోట, ఆ నీటిలో లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు సిప్రోఫ్లాక్సాసిన్ ఉన్నట్లు 2007లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు ప్రకటించారు. కొన్ని రకాల బాక్టీరియాను చంపడానికి చాలినంత పరిమాణానికి ఇది వేయి రెట్లకు మించినది. సిప్రోఫ్లాక్సాసిన్ పేరును గుర్తుంచుకొనవలసినదిగా పాఠకులను కోరుచున్నాము. జమ్మూ ప్రయోగంలో ఆ మందే మరల వస్తుంది.

తోడిపోసే పంపులు

మందును ఎదుర్కొనడానికి బాక్టీరియాకు ప్రధానంగా నాలుగు ఉపాయాలు ఉన్నవి. మందును ఛేదించే ఎంజైమును తయారుచేయడం ఒకటి. మందు వెళ్ళి అతుక్కొనే స్థానం ఆకృతిని మార్చుకోవడం మరొకటి. ప్రవేశద్వారాలను ఇరుకు చేసుకోవడం మూడవది. లోపలికి వచ్చిన మందును వచ్చినట్లే బయటికి తోడిపోయడం నాలుగవది. వృక్షజ పదార్థాల పరిశోధనలో చాలాభాగం ఈ నాలుగవ ఉపాయం చుట్టూ తిరుగుతున్నది.

చిల్లుపడిన పడవను ఊహించండి. నీరు లోనికి వస్తూనే ఉంటుంది. పడవవాడు బొక్కెనతో తోడిపోస్తూనే ఉంటాడు. వచ్చే నీటికంటె పోసే నీరు ఎక్కువైనంతకాలం పడవ మునగదు. బాక్టీరియా కణపు పొరలో ఇమిడి ఉండే కొన్ని ప్రోటీన్లు ఈ బొక్కెన పనినే చేస్తవి. మందు లోపల ప్రాణాంతక పరిమాణానికి చేరకుండానే బయటపడిపోతుంది.

ఈ ఉపాయాన్ని మొదట స్పష్టంగా నిరూపించినది టెట్రాసైక్లిన్ జాతి మందు విషయంలో. ఆ జాతిలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ 1948లో వెలువడినది అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలల నుండి; అప్పుడు అక్కడి పరిశోధనకు సారథ్యం వహించినవాడు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు వెలువడిన మూడు దశాబ్దాలకు, 1980లో, అమెరికా శాస్త్రజ్ఞుడు స్టూవర్ట్ లెవీ, ఆయన సహచరులు ఈ జాతి మందును ఈ.కోలై బాక్టీరియా శక్తిని వినియోగించి మరీ బయటికి నెట్టివేస్తున్నదని చూపారు. తరువాతి కాలంలో ఇటువంటి పంపులు అనేకం బయటపడినవి. చీముగడ్డలు మొదలుకొని ప్రాణాంతకమైన రక్తదోషం వరకు కలిగించే స్టెఫైలోకాకస్ ఆరియస్‌లో “నార్-ఏ” అనే పంపు ఉన్నది. అది నార్‌ఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్ వంటి మందులనే కాక, రసాయనికంగా వాటితో ఏ పోలికా లేని అనేక పదార్థాలను కూడ తోడిపోయగలదు.

పంపు ఇంత విచక్షణారహితంగా ఉండడంలోనే పరిశోధకులకు ఒక సూచన కనిపించినది. మొక్కలు కదలలేవు, నేలలోని సూక్ష్మజీవులను అవి రసాయనాలతోనే ఎదుర్కొనాలి. బాక్టీరియా పంపులు ఆ రసాయనాలనూ తోడిపోసేవే అయినప్పుడు, మొక్కలు ఆ పంపులకు విరుగుడును కూడ సమకూర్చుకొని ఉండవచ్చును కదా!

దారుహరిద్రలో జంట పదార్థాలు

ఈ ఊహకు 2000 సంవత్సరంలో గట్టి ఆధారం లభించినది. అమెరికాకు చెందిన ఫ్రాంక్ స్టెర్మిట్జ్, కిమ్ లూయిస్ ప్రభృతులు బెర్బెరిస్ జాతి పొదలను పరీక్షించారు. ఈ జాతి మొక్కలలో బెర్బెరిన్ అనే పసుపుపచ్చని క్షారపదార్థం ఉంటుంది. అది సూక్ష్మజీవనాశకమే గాని బలహీనమైనది. నార్-ఏ పంపు దానిని సులభంగా తోడిపోస్తుంది. అయితే అదే మొక్కలో మరొక పదార్థం కూడ ఉన్నట్లు వారు కనుగొన్నారు. ఈ రెండవ పదార్థానికి సూక్ష్మజీవిని చంపే శక్తి స్వతహాగా లేదు. కాని అది పంపును అడ్డగిస్తుంది. అప్పుడు బెర్బెరిన్ లోపల నిలిచి పనిచేస్తుంది. ఒక్కొక్కటిగా వేరుచేసి పరీక్షిస్తే మొదటిది దుర్బలమైనదని, రెండవది నిరుపయోగమని త్రోసివేయవలసి వచ్చేది.

ఆ రెండవ పదార్థానికి 5-మెథాక్సీహిడ్నోకార్పిన్ అని పేరు. ఆ పేరులోని “హిడ్నోకార్పిన్” మన దేశాన్ని గుర్తుకు తెస్తుంది. పశ్చిమ కనుమలలో పెరిగే హిడ్నోకార్పస్ చెట్టు గింజలనుండి తీసే చాల్‌మోగ్రా నూనెను ఆధునిక ఔషధాలు రాకముందు కుష్ఠురోగానికి వాడేవారు. ఈ పదార్థం అంతకుముందే ఆ నూనెలో స్వల్పాంశంగా కనిపించి ఉన్నది.

ప్రసంగవశాన ఒక మాట. అమెరికా శాస్త్రజ్ఞులు పరీక్షించినవి అక్కడి మొక్కలు. అదే జాతికి చెందిన మన ముళ్ళపొద హిమాలయ సానువులలో పెరుగుతుంది. హిందీలో దానిని దారుహల్దీ అంటారు. దక్షిణదేశపు మూలికల అంగళ్ళలో దారుహరిద్ర అని, మానుపసుపు అని అడిగితే తరచుగా ఇచ్చేది పశ్చిమ కనుమల అడవులలో పెరిగే వేరొక తీగ కాండం. రెండూ పచ్చగా ఉంటవి, రెంటిలోనూ బెర్బెరిన్ ఉన్నది. కాని మొక్కలు వేరు, కుటుంబాలూ వేరు. కనుక ఒక మొక్కలోని సహాయక పదార్థం రెండవదానిలోనూ ఉంటుందని కేవలం పేరును బట్టి నిర్ణయించరాదు. నిఘంటువులో పేరు కలిసినంతమాత్రాన వస్తువు కలవదు.

బెర్బెరిన్ కథకు ముందే మరొక భారతీయ మొక్క ఈ రంగంలో పేరుపొందినది. సర్పగంధ రక్తపోటును తగ్గిస్తుందని బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ 1949లో బ్రిటిషు వైద్యపత్రికలో ప్రకటించిన వ్యాసం ప్రపంచదృష్టిని ఆకర్షించినది. దానిలోని రెసర్పిన్‌ను 1952లో స్విట్జర్లాండులో వేరుచేశారు. అదే రెసర్పిన్ బాక్టీరియా పంపులను అడ్డగిస్తుందని 1990 దశకం ప్రారంభంలో తేలినది. నేటికీ ప్రయోగశాలలలో కొత్త నిరోధక పదార్థాలను పోల్చి చూడడానికి దానిని కొలబద్దగా వాడుతారు. కాని రోగికి ఇవ్వడానికి అది పనికిరాదు. పంపును ఆపడానికి కావలసినంత పరిమాణంలో ఇస్తే రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది, మనస్సు కుంగిపోతుంది. పరీక్షనాళికలో గెలిచినది శరీరంలో ఓడిపోవడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ వెదకనక్కరలేదు.

జమ్మూలో జరిగిన పరీక్ష

జమ్మూలోని ప్రాంతీయ పరిశోధనశాల కేంద్ర వైజ్ఞానిక, పారిశ్రామిక పరిశోధన మండలికి చెందినది; ఇప్పుడు దానిని భారతీయ సమగ్ర వైద్య సంస్థ అంటున్నారు. అక్కడి పరిశోధకులు 2006లో పైపెరిన్‌ను సిప్రోఫ్లాక్సాసిన్‌తో జతపరచి స్టెఫైలోకాకస్ ఆరియస్‌పై ప్రయోగించిన ఫలితాలను ప్రకటించారు. పైపెరిన్ తోడైనప్పుడు, సూక్ష్మజీవి పెరుగుదలను ఆపడానికి కావలసిన సిప్రోఫ్లాక్సాసిన్ పరిమాణం చెప్పుకోదగినంతగా తగ్గినది. మెథిసిలిన్‌కు లొంగని మొండి రకాలలోనూ ఈ తగ్గుదల కనిపించినది. మందును తట్టుకొనే కొత్త ఉత్పరివర్తనాలు తలయెత్తకుండా అరికట్టడానికి కావలసిన పరిమాణం కూడ తగ్గినది. ఈ చివరి అంశమే అన్నిటికంటె విలువైనదని మా అభిప్రాయం. ఏలయన ఉన్న నిరోధకతను ఎదుర్కొనడం ఒక ఎత్తు, రాబోయే దానిని ఆలస్యం చేయడం మరొక ఎత్తు.

ఇటువంటి ఫలితాన్ని ఏ విధంగా కొలుస్తారో కళాశాల విద్యార్థులు తెలుసుకొనదగినది. సూక్ష్మజీవి పెరుగుదలను ఆపగల అతి తక్కువ మందు పరిమాణాన్ని కనిష్ఠ నిరోధక సాంద్రత అంటారు. 8 వరుసలు, 12 నిలువు గళ్ళు గల ప్లాస్టిక్ పలకలో 96 చిన్న గుంటలు ఉంటవి. ఒక దిశలో మందును గుంట గుంటకు సగం చేసుకొంటూ పోతారు. రెండవ దిశలో మొక్క పదార్థాన్ని అట్లే పలుచన చేస్తారు. అన్నిటిలోనూ సమానంగా సూక్ష్మజీవులను వేసి ఒక రాత్రి వెచ్చగా ఉంచితే, ఉదయానికి కొన్ని గుంటలు మసకగా, కొన్ని తేటగా కనిపిస్తవి. తేటగా ఉన్నచోట పెరుగుదల లేదన్నమాట. చదరంగపు పలకను పోలి ఉన్నందున ఈ పద్ధతికి ఆ పేరే వచ్చినది.

ఉదాహరణకు, ఒక మందు ఒంటరిగా 8 పాళ్ళు కావలసి ఉండగా తోడు ఉన్నప్పుడు 2 పాళ్ళు సరిపోయినదనుకొందాము. అంటే నాలుగవ వంతు. తోడు పదార్థం ఒంటరిగా 100 పాళ్ళు కావలసి ఉండగా జంటలో 25 చాలినది; అదీ నాలుగవ వంతే. రెండు భిన్నాలను కూడితే అర వచ్చును. మొత్తం అరకు మించకపోతే ఆ రెండూ పరస్పరం బలపరచుకొంటున్నట్లు లెక్క. మొత్తం ఒకటికి దగ్గరగా ఉంటే రెండూ ఎవరి పని వారు చేసినట్లే గాని తోడ్పాటు లేదన్నమాట.

అయితే, పైపెరిన్ తోడ్పడుతున్నది పంపును ఆపడం వల్లనే అనడానికి ఆధారమేమిటి? దీనికి ఇథిడియం బ్రోమైడ్ అనే రంగుపదార్థాన్ని వాడారు. అది డీఎన్‌ఏకు అంటుకొన్నప్పుడు అతినీలలోహిత కాంతిలో ప్రకాశిస్తుంది. పంపు పనిచేసే బాక్టీరియా దానిని తోడిపోస్తుంది కనుక వెలుగు సన్నగిలుతుంది. పైపెరిన్ కలిపినప్పుడు రంగు కణంలో ఎక్కువగా పేరుకొన్నది, తక్కువగా బయటికి పోయినది. బొక్కెనను ఎవరో పట్టి ఆపినట్లే గదా! 2010లో అక్కడి పరిశోధకులే క్షయ సూక్ష్మజీవిలోని ఒక పంపును పైపెరిన్ అడ్డగిస్తున్నదని, రిఫాంపిసిన్ ప్రభావం హెచ్చుతున్నదని చూపారు.

పంపును అడ్డగించడమొక్కటే మార్గం కాదు. పచ్చి తేయాకులోని ఒక పదార్థం బాక్టీరియా కణకవచానికే తగులుకొని పెనిసిలిన్ జాతి మందులకు తోడ్పడుతుందని 2001లో జపాను శాస్త్రజ్ఞులు తెలిపారు. అది వేరొక కథ.

రక్తంలోకి చేర్చే తోడ్పాటు

ఇక రెండవ ప్రశ్న. ఆయుర్వేదంలో “యోగవాహి” అనే మాట ఉన్నది. తనతో కలిసిన ద్రవ్యం గుణాన్ని మోసుకొనిపోయేది అని అర్థం. చరకసంహిత పిప్పలిని ఈ కోవలో చేర్చినది. ఆ సందర్భంలోనే పిప్పలిని, క్షారాన్ని, లవణాన్ని అతిగా వాడరాదని కూడ చెప్పినది. ఈ రెండవ భాగాన్ని ప్రకటనకర్తలు ఉదాహరించరు.

1981లో జమ్మూ పరిశోధనశాలకు చెందిన సి.కె. అటల్, ఉషా జుత్షీ, పి.జి. రావు ఈ భావనను ప్రయోగానికి పెట్టారు. అడ్డసరం ఆకులలోని వాసిసిన్‌ను పిప్పలితో కలిపి ఇచ్చినప్పుడు రక్తంలో వాసిసిన్ స్థాయి సుమారు 233 శాతం పెరిగినట్లు వారు నివేదించారు. శొంఠి, పిప్పలి, మిరియం కలిసిన త్రికటుకంలో ఈ శక్తి ప్రధానంగా పైపెరిన్‌దేనని తరువాత తెలిసినది. మన పేగు గోడ కణాలలోనూ, ఆశ్చర్యకరంగా, పరాయి పదార్థాలను తిరిగి పేగులోకి నెట్టివేసే పంపు ఉన్నది. దానిని 1976లో కెనడాలో గుర్తించారు. పైపెరిన్ ఈ మానవ పంపును కూడ అడ్డగిస్తుంది. కాలేయంలోనూ, పేగులలోనూ మందులను విరిచే ఒక ముఖ్యమైన ఎంజైమును సైతం నెమ్మదింపజేస్తుందని 2002లో స్పష్టపడినది.

ఈ మార్గంలోనే ఒక ఔషధం అంగడి వరకు వచ్చినది. క్షయకు వాడే రిఫాంపిసిన్ 450 మి.గ్రా. మోతాదుకు బదులు 200 మి.గ్రా. మాత్రమే ఉంచి, 300 మి.గ్రా. ఐసోనియాజిడ్‌తోపాటు 10 మి.గ్రా. పైపెరిన్ కలిపిన రైసోరిన్ అనే గుళికను జమ్మూ సంస్థ సహకారంతో అహ్మదాబాదుకు చెందిన కాడిలా ఫార్మాస్యూటికల్స్ 2009లో విడుదల చేసింది. తక్కువ మందుతో రక్తంలో అంతే స్థాయి సాధించడం, తద్వారా దుష్ఫలితాలను తగ్గించడం దాని ఉద్దేశం.

ఇక్కడే పాఠకులు ఆగి ఆలోచించాలి. ఈ గుళిక లొంగే క్షయకు ఉద్దేశించినది. మొండి క్షయను లొంగదీయడానికి కాదు. రిఫాంపిసిన్‌కు క్షయ సూక్ష్మజీవి లొంగకపోవడానికి ప్రధాన కారణం పంపు కాదు, మందు అతుక్కొనే స్థానంలోని జన్యుమార్పు. తాళమే మారిపోయినప్పుడు తాళపుచెవులు ఎన్ని లోనికి చేర్చినా ప్రయోజనం ఉండదు. ప్రపంచ క్షయరోగులలో నాలుగవ వంతుకు పైగా మన దేశంలోనే ఉన్నారు. “మిరియం కలిస్తే సగం మందు చాలును” అన్న మాట చెవినబడి ఒక రోగి తనంతతాను ప్రభుత్వ మాత్రలను సగానికి తగ్గించి మిరియాల కషాయం త్రాగితే ఏమగును? జాతీయ కార్యక్రమం క్రింద ఇచ్చే సాధారణ మాత్రలలో పైపెరిన్ లేదు. వాటి మోతాదు అది లేకుండానే నిర్ణయింపబడినది. చారులో వేసిన మిరియంలో పైపెరిన్ ఎంత ఉన్నదో కొలిచేవారు లేరు. సగం మోతాదు క్షయ సూక్ష్మజీవిని చంపదు. నిరోధకత గలవాటిని ఏరి పెంచుతుంది. ఫ్లెమింగ్ చెప్పిన ప్రమాదం అదే.

వేరొక రకమైన ప్రమాదమూ ఉన్నది. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, గుండెకు వాడే ప్రొప్రనలాల్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ వంటి మందుల రక్తస్థాయిని కూడ పైపెరిన్ హెచ్చిస్తుంది. వీటిలో కొన్నిటికి చాలిన మోతాదుకు, విషమయ్యే మోతాదుకు మధ్య ఎడం చాల తక్కువ. వంటలో వాడే మిరియం గురించి భయపడనక్కరలేదు. గుళికలుగా అమ్మే పైపెరిన్ సారాన్ని వైద్యునికి చెప్పకుండా మ్రింగడం వేరు.

నిలిచి ఉన్న ప్రశ్నలు

తోడు పదార్థం అనే ఆలోచన ఆచరణసాధ్యమేనా అంటే, అవును. నేలలోని ఒక సూక్ష్మజీవి నుండి లభించిన క్లావులానిక్ ఆమ్లం మందును ఛేదించే ఎంజైమును అడ్డగించి అమాక్సిసిలిన్‌ను కాపాడుతుంది. 1981 నుండి ఈ జంట వైద్యంలో ఉన్నది. కాని బాక్టీరియా పంపును అడ్డగించే పదార్థమేదీ, మొక్కనుండి వచ్చినదైనా కృత్రిమమైనదైనా, రోగికి ఇచ్చే మందుగా ఇంతవరకు ఆమోదం పొందలేదు.

కారణాలు పైన చెప్పిన వాటిలోనే కనిపిస్తవి. గుంటలో వేసినంత సాంద్రతలో పైపెరిన్ నోటిద్వారా తీసుకొన్నప్పుడు రక్తంలో నిలవదు. సాంద్రతను పెంచితే అది మన శరీరపు పంపులను, ఎంజైములను సైతం ఆపుతుంది. ఈ.కోలై వంటి బాక్టీరియాకు అదనంగా ఒక వెలుపలి పొర, మరింత జటిలమైన పంపులు ఉన్నవి. స్టెఫైలోకాకస్‌పై పనిచేసినది వాటిపై పనిచేయకపోవచ్చును. ఒకే సూక్ష్మజీవిలో పంపు, ఎంజైము, స్థానమార్పు మూడూ ఉంటే పంపును ఆపి పొందే లాభం స్వల్పం. చివరకు పంపు సైతం తన ఆకృతిని మార్చుకొని అడ్డును తప్పించుకొనగలదు.

ఈ చిక్కును గుర్తించే జమ్మూ రసాయనశాస్త్రజ్ఞులు పైపెరిన్ అణువును నమూనాగా ఉంచుకొని, దాని భాగాలను ఒక్కొక్కటిగా మార్చి కొత్త అణువులను నిర్మించారు. వాటిలో కొన్ని పైపెరిన్‌కంటె తక్కువ పరిమాణంలోనే నార్-ఏ పంపును ఆపగలిగినట్లు 2008లో ప్రకటించారు. కావలసినది బాక్టీరియా పంపును పట్టి మానవ పంపును విడిచిపెట్టే అణువు. మిరియం అందుకు ఒక నమూనాను ఇచ్చినది. అందులో ఏ భాగాన్ని ఉంచాలి, దేనిని తీసివేయాలి అన్నది ఇంకను ప్రయోగశాలలోనే తేలవలసి ఉన్నది.